టార్చి చేతికొచ్చిన మొదటి వారం

ఏడెనిమిది వేలు పోసి జేబులో పట్టే టార్చి తెప్పించుకున్నారు. పెట్టె మీద 2,000 ల్యూమెన్లని రాసి ఉంది. చూస్తే గట్టి అల్యూమినియం ఒళ్ళు, మందపాటి అద్దం, చేతికి బరువుగా తగిలే సెల్లు. ఆ రాత్రి చెరువు గట్టు మీద వెలిగించారు. వెలుగు ఒక పక్కకి ఒరిగి పడుతోంది. అంచున లేత ఆకుపచ్చ ఛాయ ఉంది. రెండు నిమిషాలు తిరక్కుండానే సగానికి సగం తగ్గిపోయింది. ఇప్పుడేం చేస్తారు? "అంత పెద్ద కంపెనీ తప్పు సరుకు పంపుతుందా, ఇవి ఇలాగే ఉంటాయి కాబోలు" అని సర్దుకుంటారా? లేక పొద్దున్నే దుకాణం మీదికి గొడవకి వెళ్తారా?

రెండూ తొందరపాటే. పై మూడింటిలో మొదటిది లోపం. రెండోది ఆ రకం ఎల్ఈడీ చిప్ స్వభావం కావచ్చు. మూడోది, టార్చి వేడికి మాడిపోకుండా తనను తాను కాపాడుకోవడం. ఏది ఏదో తేల్చుకోవడానికి ఇంజినీరింగు చదవక్కర్లేదు. తెల్లగోడ, తెల్ల కాగితం, ఫోను, ఒక గంట ఓపిక ఉంటే చాలు. కాకపోతే ఆ గంట మొదటి వారంలోనే పెట్టాలి. ఫ్యాక్టరీలో నాణ్యత పరీక్ష ఎలా జరిగిందో మీకు తెలియదు. సరుకు వెనక్కి ఇచ్చే గడువు మాత్రం మీ చేతిలో ఉంది, ఆ నాలుగు రోజులూ పరీక్ష అధికారి మీరే.

కొల్లేటి చుట్టుపక్కల ఇది షోకు వ్యవహారం కాదు. కైకలూరు, ఆకివీడు, మండవల్లి వైపు చెరువులున్న వాళ్ళకి అసలు పని చీకట్లోనే ఉంటుంది. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, చేప పైకి తేలి నోరు తెరుస్తోందా అని చూడాలి. కరెంటు పోతే ఏరేటర్లు ఆగాయా, జనరేటర్ అందుకుందా అని పరిగెత్తాలి. గట్టు మీద అడుగు వేసేచోట కట్లపాము ఉందో రక్తపింజర ఉందో చూసుకోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఆ నీళ్ళు కొల్లేటికి చేరినప్పుడు లంక గ్రామాల చుట్టూ నీళ్ళే. అలాంటి రాత్రి టార్చి మొరాయిస్తే ఏమవుతుందో ఆ ఊళ్ళవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో తెల్లారకముందే గోతం విప్పి పాయ మీద నల్లబూజు ఉందో లేదో చూసే వ్యాపారికైనా ఇదే అవసరం.

అన్నిటికన్నా రంగు దగ్గర వస్తుంది చిక్కు. వనామీ చెరువులో మేత వేశాక చెక్ ట్రే పైకి లాగి, ఒక రొయ్యను వేళ్ళ మధ్య పట్టుకుని టార్చికి అడ్డంగా పెట్టండి. వీపు పొడవునా సన్నటి గీతలా పేగు కనిపిస్తుంది. గోధుమ రంగులో నిండుగా ఉంటే మేత బాగా తింటోందన్నమాట. ముదురుగా, నల్లగా ఉంటే అడుగున ఉన్న చెత్త తింటోంది. ఎర్రగానో గులాబీగానో ఉంటే చచ్చిన రొయ్యను తింటోందేమో, అడుగున చావులు మొదలయ్యాయేమో అని అనుమానించాలి. తెల్లగా పాలిపోయి ఉంటే పేగు జబ్బు. చూడండి, కబురంతా రంగులోనే ఉంది. ఎరుపుని బురద రంగుగా చూపించే టార్చి చేతిలో ఉంటే ఆ కబురు మీకు చేరదు. వెలుగు ఎంత ఉన్నా ప్రయోజనం లేదు.

వెనకటి మూడు సెల్లుల ఇత్తడి టార్చికి ఈ గొడవ ఉండేది కాదు. వెలుగు మసకే, కానీ లోపల తీగ బల్బు కాబట్టి రంగులు ఉన్నవి ఉన్నట్టు కనిపించేవి.

మరి ఖరీదైన టార్చిలో ఈ తేడాలు ఎందుకొస్తాయి? ఎల్ఈడీ చిప్‌లో అసలు పుట్టేది నీలి కాంతి. దాని మీద పసుపు ఫాస్ఫర్ పూత వేస్తే రెండూ కలిసి తెల్లగా కనిపిస్తాయి. బాగా వెలిగే నీలి ఎల్ఈడీని సాధించినందుకే అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో నోబెల్ ఇచ్చారు. ఆ పూత మందంలో, స్ఫటికంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా రంగు, వెలుగు, తీసుకునే వోల్టేజి మారిపోతాయి. అందుకని ఒకే యంత్రం మీద తయారైన చిప్‌లను కూడా ఒక్కొక్కటీ కొలిచి, పట్టుబడి రోజున రొయ్యను కౌంట్ ప్రకారం వేరుచేసినట్టు, గ్రేడ్లుగా విడదీస్తారు. గ్రేడుని బట్టి ధర ఉంటుంది. టార్చి కంపెనీ ఏ గ్రేడు కొన్నదో పెట్టె మీద సాధారణంగా రాయదు, చిప్ పేరు మాత్రం పెద్ద అక్షరాల్లో వేస్తుంది.

గ్రేడులోనూ కాస్త వెసులుబాటు ఉంటుంది. 5000 కెల్విన్ తెలుపు అంటే అమెరికా ప్రమాణం ప్రకారం దాదాపు 4745 నుంచి 5311 దాకా ఏదైనా కావచ్చు. చిప్‌లు తయారుచేసే క్రీ కంపెనీ తన పత్రాల్లో వెలుగు కొలతకే 7 శాతం అటూ ఇటూ అని చెప్పేస్తుంది. కాబట్టి అన్నదమ్ములిద్దరూ ఒకే మోడల్ కొంటే, ఒకరిది కాస్త గులాబీ వైపు, మరొకరిది కాస్త ఆకుపచ్చ వైపు ఉండటం వింతేమీ కాదు. ప్రమాణాలు గీసిన హద్దే అంత వెడల్పు.

ఇక హద్దు దాటిన సరుకు సంగతి. 2017లో నీల్సన్ సంస్థ ముంబై, హైదరాబాద్, అహ్మదాబాద్, ఢిల్లీ దుకాణాల్లో చూస్తే ఎల్ఈడీ బల్బుల బ్రాండ్లలో 76 శాతం భద్రతా ప్రమాణాలకు తగ్గట్టు లేవని తేలింది. అవి ఇంటి బల్బులు, టార్చిలు కావు. అయినా అంగట్లో ఎల్ఈడీ అన్నమాటకి ఉన్న పరువు ఎంతో దాన్ని బట్టి తెలుస్తుంది. పేరున్న చిప్‌ల నకళ్ళు కూడా బజార్లో తిరుగుతున్నాయి.

సరే, పరీక్షలకి వద్దాం. ఈ వరసలోనే చేయండి, ముందుది తేలకుండా తర్వాతదానికి వెళ్తే చిప్‌ని అనవసరంగా తిట్టుకుంటారు.

1. ముందు సెల్లుని అనుమానించండి. వెలుగు రెపరెపలాడితే పదిమందిలో తొమ్మిదిమంది "చిప్ పోయింది" అంటారు. అసలు దొంగ చాలాసార్లు వెనక మూత దగ్గర దొరుకుతాడు. మూత విప్పి, మరల మీద, సెల్లు కొసల మీద ఉన్న జిడ్డుని స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి. పూర్తిగా ఛార్జ్ చేసి, గట్టిగా బిగించి మళ్ళీ వెలిగించండి. వేరే మంచి సెల్లు దొరికితే అదీ వేసి చూడండి. విడిగా కొన్న 18650 సెల్లు మీద 9,900 ఎంఏహెచ్ అని ఉందా? దాన్ని అక్కడే వదిలేయండి. ఆ సైజులో పేరున్న కంపెనీలు ఇచ్చేదే 3,500 చిల్లర. లిథియం సెల్లులకి మన దేశంలో బీఐఎస్ నమోదు తప్పనిసరి. సెల్లు మీద 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నంబరుంటే బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి, ఎవరి పేరు మీద ఉందో చెబుతుంది.

2. చిప్‌ని కళ్ళారా చూడండి, కానీ అతి తక్కువ వెలుగులో. గరిష్ఠ వెలుగులో లోపలికి చూశారో, కాసేపు ఏమీ కనపడదు, కంటికి హాని కూడా. అన్నిటికన్నా చిన్న మోడ్‌లో పెట్టి, అద్దాన్ని కాస్త ఏటవాలుగా పట్టుకుని చూడండి, లేదా ఫోను కెమెరాతో జూమ్ చేయండి. వెండి రంగు గిన్నె అడుగున పసుపు చతురస్రం కనిపిస్తుంది. అది సరిగ్గా మధ్యలో ఉందా? పసుపు అంతటా ఒకేలా ఉందా, గోధుమ రంగు మచ్చ ఉందా? పైనున్న గోళం మీద గీత, వేలిముద్ర, దుమ్ము ఏమైనా ఉన్నాయా? ఎక్స్‌హెచ్‌పీ70 లాంటి పెద్ద చిప్‌లో నాలుగు గళ్ళుంటాయి. ఒక గడి పూర్తిగా చీకటిగా ఉంటే అది లోపమే. మూడు నాలుగు విడి చిప్‌లున్న టార్చిలో మాత్రం, అతి తక్కువ వెలుగులో ఒకటి కాస్త ఎక్కువగా, ఒకటి తక్కువగా వెలగొచ్చు. వాటి వోల్టేజి గ్రేడ్లలోని చిన్న తేడా అది. వెలుగు పెంచితే సమానమైపోతుంది. పెంచినా సమానం కాకపోతేనే ఫిర్యాదు.

3. గోడ పరీక్ష. చీకటి గదిలో తెల్లగోడకి మీటరు దూరంలో టార్చిని బల్ల మీద కదలకుండా పెట్టండి. నడిమి వెలుగు గుండ్రంగా ఉందా, కోడిగుడ్డులా సాగిందా? చుట్టూ పరుచుకునే వెలుగు నాలుగు వైపులా సమానంగా ఉందా? ఇప్పుడు టార్చిని దాని ఇరుసు మీదే నెమ్మదిగా తిప్పండి. వంకర కూడా దానితోపాటు తిరిగితే చిప్‌ని పక్కకి అతికించారు, లేదా గిన్నె ఒరిగింది. వంకర తిరగకుండా అక్కడే ఉంటే అది మీ గోడ వంకర! ఈ తిప్పి చూడటం ఒక్కటీ మర్చిపోవద్దు, దుకాణంలో వాదన గెలిచేది దీంతోనే. మీటరు దూరంలో కాస్త వంకరున్నా పది మీటర్లకి వెళ్ళేసరికి సర్దుకుంటే దాన్ని పెద్దగా పట్టించుకోనక్కర్లేదు.

4. రంగు పరీక్ష. దీనికి కాస్త ఎక్కువ సమయం ఇవ్వండి. కన్ను మోసపోతుంది, ఒకే వెలుగుని రెండు నిమిషాలు చూస్తే అదే తెలుపని నమ్మేస్తుంది. అందుకని ఎప్పుడూ రెండు వెలుగులు పక్కపక్కన ఉండాలి. తెల్ల కాగితం మీద సగం కొత్త టార్చి వెలుగు, సగం పాత టార్చి వెలుగు పడేలా పెట్టి, ఒకే ఫొటోలో తీయండి. విడివిడిగా తీస్తే ఫోను తనంతట తానే రంగు సర్దేసి తేడాని మింగేస్తుంది. నడిమి వెలుగు తెల్లగా ఉండి అంచు మాత్రం పచ్చగానో ఆకుపచ్చగానో ఉంటే, అది కొన్ని చిప్‌ల సహజ గుణం. ఎక్స్‌పీ-జీ3, ఎక్స్‌హెచ్‌పీ50.2 రకాలకు ఆ పేరుంది. నడిమి వెలుగే ఆకుపచ్చగా ఉండి, అదే మోడల్ ఇంకో పీసులో అలా లేకపోతే మార్చమని అడగండి.

తర్వాత ఎరుపు. రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే మార్కు సీఆర్ఐ, గరిష్ఠం 100. దీనిలో ఒక మతలబు ఉంది. ఆ మార్కు ఎనిమిది లేత రంగుల సగటు, ముదురు ఎరుపు అందులో చేరదు. దానికి విడిగా ఆర్9 అనే అంకె ఉంటుంది. సీఆర్ఐ 70 ఉన్న చిప్‌లలో ఆర్9 సున్నా కంటే కిందికి కూడా పోతుంది. నిచియా 519ఏ వంటి వాటిలో 90కి పైన సీఆర్ఐ, మంచి ఆర్9 ఉన్న గ్రేడ్లు దొరుకుతాయి, కాకపోతే వెలుగు కొంత తక్కువ. ఇంట్లో పరీక్షకి అంకెలు అక్కర్లేదు. పొద్దున బజారు నుంచి తెచ్చిన చేప మొప్ప ఎత్తి కొత్త టార్చి వేయండి, ఆనక కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి పగటి వెలుతురులో చూడండి. పగటిపూట నెత్తుటి ఎరుపులో ఉన్న మొప్ప, టార్చి కింద ఇటుకపొడిలా కనిపించిందా? దాంతో రొయ్య పేగు చూడాలనుకోకండి. చిప్ పని అది చేస్తోంది, దాంట్లో లోపం లేదు. మీ పనికి పనికిరాని చిప్ అంతే. ఇలాంటప్పుడు "లోపం" అని వాదించకుండా "నా అవసరానికి సరిపోలేదు" అని గడువులోపు తిప్పి పంపడమే మర్యాద, తెలివి కూడా.

5. వేడి పరీక్ష. గరిష్ఠ వెలుగులో పెట్టి టార్చి తల పట్టుకోండి. జేబు టార్చి 2,000 ల్యూమెన్లు ఇస్తుంటే నిమిషంలోపే తల వేడెక్కాలి, ఆపైన వెలుగు దానంతటదే మెట్టుమెట్టుగా తగ్గాలి. అది మంచి లక్షణం. ఎఫ్ఎల్1 అనే ప్రమాణం ప్రకారం ల్యూమెన్లు కొలిచేది వెలిగించిన 30 సెకన్ల తర్వాతే, పెట్టె మీద అంకె రాత్రంతా ఉంటుందని ఆ ప్రమాణం మాట ఇవ్వలేదు. భయపడాల్సింది దీనికి తలకిందులైన సంగతికి. తల చల్లగానే ఉంది, వెలుగు మాత్రం క్షణాల్లో తగ్గిపోతోంది, తెలుపు కాస్తా నీలి వైపు తిరుగుతోంది. అంటే చిప్‌లో పుట్టిన వేడి ఒంటికి చేరడం లేదు. చిప్‌ని అతికించిన బోర్డు కింద వేడిని ఒంటికి చేరవేసే పేస్టు సరిగా రాయలేదు, మరలు వదులయ్యాయి, లేదా అతుకులో గాలి బుడగలు మిగిలాయి. ఇలాంటి టార్చి ఈ రోజు వెలుగుతుంది, ఎండాకాలం దాటడం కష్టం. తప్పకుండా మార్పించుకోండి.

6. కెమెరా పరీక్ష. తక్కువ వెలుగులో పెట్టి ఫోనులో స్లో మోషన్ వీడియో తీయండి. సమానమైన చారలు కదులుతూ కనిపిస్తే టార్చి వెలుగుని వేగంగా ఆర్పి వెలిగిస్తూ తగ్గిస్తోందన్నమాట. అది తయారీ పద్ధతి, ఖరీదైన వాటిలో ఉంటే చవక పద్ధతి అనుకోవచ్చు. లయ లేకుండా మిణుకుతుంటే అతుకో కాంటాక్టో వదులు.

7. నీటి పరీక్ష ఆఖరున. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతులో అరగంట తట్టుకోవాలి. కానీ ముందు అమ్మకందారు షరతులు చదవండి, తడిసిన టార్చిని వెనక్కి తీసుకోం అంటే గడువు చేజారిపోతుంది. ముంచనక్కర్లేకుండానే కొంత తెలుస్తుంది. వెలిగించి వేడెక్కిన టార్చిని తడిగుడ్డలో పావుగంట చుట్టిపెట్టండి. అద్దం లోపలివైపు ఆవిరి పట్టిందంటే రబ్బరు చుట్టు సరిగా కూర్చోలేదని అనుమానించాలి.

ఇన్ని చేశాక తొలి రోజు కొలత ఒకటి దాచుకోండి. తలుపులేసిన గదిలో టార్చిని పైకప్పుకేసి నిలబెట్టి, ఫోనులో లక్స్ మీటర్ యాప్‌తో అంకె చూసి రాసుకోండి. ఆ అంకె కచ్చితమైనది కాదు, కానీ ఆరు నెలల తర్వాత అదే గదిలో, అదే ఫోనుతో చూస్తే తగ్గిందో లేదో తెలుస్తుంది. 20 శాతం తగ్గినా వట్టి కన్ను పట్టుకోలేదు.

ఇప్పుడు కొనేటప్పుడు జరిగే పొరపాట్లు. మొదటిది ల్యూమెన్లని చూసి మురిసిపోవడం. దూరం కొట్టే శక్తి ల్యూమెన్లలో ఉండదు, క్యాండెలాలో ఉంటుంది. క్యాండెలా అంకెకి వర్గమూలం తీసి రెండుతో గుణిస్తే పెట్టె మీద మీటర్లు వస్తాయి. 10,000 క్యాండెలా అంటే 200 మీటర్లు. ఆ దూరంలో పడేది నిండు పున్నమి వెన్నెలంత వెలుగే, అక్కడ ఏరేటర్ తిరుగుతోందో లేదో పోల్చుకోవాలంటే అందులో సగం దూరమే లెక్కేసుకోండి. వెలుగు ఎంత దూరం కొడుతుందో చూద్దామని ఆటపాక వైపు గూడబాతుల గూళ్ళ మీద మాత్రం వేయకండి. కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం, పిల్లలున్న గూటి మీద రాత్రిపూట వెలుగు కొట్టడం ఆ పక్షులకి చేసే అన్యాయం.

రెండోది "50,000 గంటల ఆయుష్షు" అన్న మాట. రోజుకి మూడు గంటల చొప్పున వాడితే 45 ఏళ్ళు! చిప్ తయారీదారులు సాధారణంగా 6,000 గంటలో కాస్త ఎక్కువో, వేడి అదుపులో ఉన్న బోర్డు మీద పరీక్షించి, మిగతాది లెక్క కడతారు. వెలుగు 70 శాతానికి పడిపోయేదాకా ఉన్న కాలాన్నే ఆయుష్షు అంటారు. అరచేతిలో మాడిపోయే టార్చికి ఆ లెక్క యథాతథంగా వర్తించదు.

మూడో పొరపాటు, అనుమానం రాగానే తల విప్పేయడం. విప్పితే వారంటీ పోతుంది. చిప్ మీది గోళం మెత్తటి సిలికాన్, వేలితో తాకినా, గుడ్డతో రుద్దినా లోపలి సన్నటి తీగ తెగొచ్చు. లోపల ఏదైనా ఊడిందని ఫెవిక్విక్ లాంటి జిగురు చుక్క వేశారా, దాని ఆవిరి అద్దం మీద, చిప్ మీద పొగలా పేరుకుంటుంది.

చెరువుల ప్రాంతంవాళ్ళు విడిగా తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. చెరువు అడుగు మట్టి నల్లబడి కుళ్ళిన కోడిగుడ్డు వాసన రావడం రైతులకి తెలిసిందే. అది హైడ్రోజన్ సల్ఫైడ్, రొయ్యకి విషం. ఎల్ఈడీకి కూడా అది పడదు. చాలా చిప్‌ల అడుగున వెలుగుని పైకి తోసేందుకు వెండి పూత ఉంటుంది. సల్ఫర్ వాయువు సిలికాన్‌లోంచి మెల్లగా దూరి ఆ వెండిని నల్లబరుస్తుంది. ఇంట్లో వెండి కంచం నల్లబడేదీ ఈ కారణంగానే. చిప్ తయారీ కంపెనీలు తమ పత్రాల్లో సల్ఫర్ ఉన్న రబ్బరు దగ్గర పెట్టొద్దని హెచ్చరించేదీ ఇందుకే. గట్టిగా బిగించిన మంచి టార్చిలోకి అది అంత తేలిగ్గా పోదు. మోటారు షెడ్డులో తల వదులుగా ఉన్న టార్చిని, రబ్బరు చుట్టు తెగిన టార్చిని నెలల తరబడి మేకుకి వేలాడదీస్తే మాత్రం చెప్పలేం. వెలుగు మందగించి, పసుపు చతురస్రం చుట్టూ ఉన్న తళుకు నల్లబడితే ఇదే అని అనుమానించండి. చుట్టులకి ఏడాదికోసారి సిలికాన్ గ్రీజు రాయండి, వేరే నూనెలు వద్దు. చెరువులో పడితే మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టాకే మూత విప్పండి.

ఇక ఫిర్యాదు. లోపం ఉందని మీకు తేలింది. దుకాణంలో మాట ఎలా నడుస్తుందో ఊహించుకోండి:

"ఏమండీ, దీని వెలుగు పక్కకి పడుతోందండి."

"లైటంటే అంతేనండి. వెలుగుతోంది కదండీ, ఇంకేం కావాలండి?"

ఇక్కడ గొంతు పెంచితే పని చెడుతుంది. "వెలుగుతోందండి, కాదనను. ఇదిగోండి గోడ మీద ఫొటో. టార్చి తిప్పితే వంకర కూడా తిరుగుతోంది, వీడియో చూడండి. మీ దగ్గర ఇదే మోడల్ ఇంకో పీసు ఉంటే ఇదే గోడ మీద వేద్దామండి." రెండు పీసులు పక్కపక్కన పడిన గోడ ముందు వాదించేవాళ్ళు తక్కువ.

ఆన్‌లైన్‌లో కొన్నట్టయితే ఇదే సంగతి నాలుగు వాక్యాల్లో రాయండి: కొన్న తేదీ, బిల్లు నంబరు, ఏ పరీక్ష చేస్తే ఏం కనిపించింది, మార్చాలా డబ్బు తిరిగివ్వాలా. "చెత్త సరుకు" అని రాస్తే జవాబు కూడా అలాగే వస్తుంది. "మీటరు దూరంలో నడిమి వెలుగు ఎడమవైపు ఒరిగింది, టార్చితోపాటు తిరుగుతోంది, వీడియో జత చేశాను" అని రాస్తే తప్పించుకోవడం కష్టం. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా ఉన్నాయో లేదో కొనేముందే చూసుకోండి. అవి లేకుండా నేరుగా చైనా నుంచి తెప్పించుకుంటే రెండు వేలు ఆదా కావచ్చు, కానీ లోపమున్న పీసుని తిప్పి పంపే ఖర్చు, లిథియం సెల్లుని పార్సిల్ చేయడంలో చిక్కు మీవే.

అక్కడా తేలకపోతే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఆ తర్వాతి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక అమ్మినవాడి ఊరికి వెళ్ళక్కర్లేదు, మీరుండే చోటే కేసు వేయొచ్చు. వస్తువుకి చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. రెండేళ్ళలోపు వేయాలి. ఏలూరులో కమిషన్ ఉంది, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచీ దాఖలు చేయొచ్చు. ఎనిమిది వేల టార్చికి అంత దూరం ఎందుకంటారా? చాలాసార్లు 1915 దాకా వెళ్ళారని తెలియగానే కంపెనీ ఫోన్ చేస్తుంది.

వారంటీ అయిపోయిన టార్చి అయితే పారేయకండి. చిప్ మార్చొచ్చు. ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో మొబైల్ బోర్డులకి అతుకులు వేసే మెకానిక్‌ని అడగండి, కానీ పని ఇచ్చేముందు రెండు ప్రశ్నలు వేయండి. రాగి బోర్డుని కింద నుంచి వేడిచేసే ప్లేటు ఉందా? ఇంతకుముందు ఎల్ఈడీ చిప్ మార్చారా? లేదంటే వేరేచోట చూసుకోండి, రాగి వేడిని లాగేసుకుంటుంది కాబట్టి మామూలు సోల్డరింగ్ ఐరన్‌తో ఈ పని కుదరదు. కొత్త చిప్ కొనేటప్పుడు పాతదాని సైజు, వోల్టేజి సరిచూసుకోండి, 3 వోల్టుల బోర్డు మీద 6 వోల్టుల చిప్ వెలగదు. ఎలాగూ మారుస్తున్నారు కనుక సీఆర్ఐ 90 ఉన్న రకమే అడగండి. బోర్డు కింద పాత పేస్టు పూర్తిగా తుడిపించి, కొత్తది పల్చగా రాయించి, మరలు మీ ముందే బిగింపించండి. డబ్బులిచ్చేముందు అక్కడే గోడ మీద వేసి, తల వేడెక్కేదాకా వెలిగించి చూసుకోండి.